స్వింగ్ ఆర్మ్ బోల్టు పట్టేస్తే ఇట్ల తియ్

అన్నా, యమహా ఆర్‌ఎక్స్ 100 బైకుకి నట్టు ఊడింది గానీ స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే చేయి) పొడుగు బోల్టు కదలట్లేదన్నవు కదా, అది బుష్ (బోల్టు దూరే గొట్టం లాంటి ముక్క) లోపలి స్లీవ్‌కి తుప్పుతో అతుక్కుని ఉంటది. ముందు సుత్తి పక్కన పెట్టు. రెండు వైపులా రస్ట్ స్ప్రే కొట్టి రాత్రంతా వదిలెయ్, పొద్దున బోల్టు తలకి రింగ్ స్పానర్ వేసి అటూ ఇటూ తిప్పు, కిర్రుమని ఎర్రపొడి రాలిందంటే సగం పనైనట్టే. తర్వాత పాత నట్టుని బోల్టు చివరకి సమానంగా ఎక్కించి ఇత్తడి కడ్డీ పెట్టి కొట్టు, లేకుంటే మరలు పుట్టగొడుగులా విచ్చుకుని ఫ్రేములోంచి దూరనే దూరదు. అయినా మొండికేస్తే ఫ్రేముకీ ఆర్మ్‌కీ మధ్య సందులో హాక్సా బ్లేడుతో రెండు పక్కలా కోసెయ్, ఫ్రేముకి మాత్రం గీత పడనియ్యకు. బోల్టు, బుష్‌లు ఎట్లైనా దొరుకుతయ్, 1996లో తయారీ ఆగిపోయిన బండికి ఒరిజినల్ ఫ్రేము ఎక్కడ దొరుకుతది? కొత్త బోల్టుకి గ్రీజు బాగా పూసే ఎక్కించు.