కోసిగి పక్క పల్లెకి టీచరమ్మగా పోతున్న మా పాపకి

పాపా,

మీ నాయన ఫోన్ చేసి చెప్పినాడు, నీకు ఎస్జీటీ, అదే చిన్న తరగతుల టీచర్ ఉద్యోగం, వచ్చింది, కర్నూలు పడమటి పక్క కోసిగి మండలంలో పల్లె ఇచ్చినారు అని. మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు అని పేపర్లో చదివినప్పుడు ఆ ఏదోలే అనుకుంటి, అందులో ఒకటి మనింట్లోకి వచ్చేసరికి కాలు ఒకచోట నిలవలేదు నాకు. వీధిలో అందరికీ చెప్పినా. రాత్రి పడుకున్నంక మాత్రం నిద్ర పట్టలేదు, ఎందుకంటే నువ్వు నంద్యాల పక్క కేసీ కాల్వ నీళ్ళు చూసి పెరిగినదానివి, ఆ పడమటి పక్క ఎట్లుంటాదో నీకు తెల్దు. నాకూ మీ మామకూ తెల్సు, మా సర్వీసు సగం ఆడనే గడిచింది.

మీ నాయన ఏమంటాడో తెల్సా, ఎట్లో కొన్నేండ్లు నెట్టుకొస్తే ట్రాన్స్‌ఫర్ పెట్టుకోవచ్చులే అక్కా అని. ఫోన్లోనే తిట్టినా వాణ్ణి. జాయినే కాలేదు, అప్పుడే ట్రాన్స్‌ఫర్ లెక్కలా. నువ్వు ఆ మాట చెవిన పెట్టుకోవాకు. పల్లెలో జనం టీచర్ని చూడంగానే పసిగడతారు, ఈమె ఉండేదానికొచ్చిందా పోయేదానికొచ్చిందా అని.

కాగితాల సంగతి నీకు నాకన్నా బాగా తెల్సు. సర్వీస్ రిజిస్టర్ ఓపెన్ చేయించుకో, పింఛన్ ఖాతాకి ఇచ్చే ప్రాన్ నంబరు, ఏపీజీఎల్ఐ అనే గవర్నమెంటు ఇన్సూరెన్సు చూసుకో, అన్నీ జెరాక్స్ తీసి ఇంట్లో ఒక సెట్టు పెట్టు. మాకంటే పింఛన్ ఉండె, 2004 సెప్టెంబరు నుంచి చేరినోళ్ళకి అంతా సీపీఎస్ గదా, జీతంలో కోసి పెట్టే పింఛన్, కాబట్టి మొదటి జీతం నుంచే కొంచెం పక్కన పెట్టు. చిట్టీలు వేసే టీచర్లు ప్రతి మండలంలో ఒకరుంటారు, నవ్వుతా మాట్లాడు, చిట్టీ మాత్రం వేయొద్దు. నేను స్పెషల్ టీచర్‌గా చేరినప్పుడు నెలకు 398 రూపాయలు, మమ్మల్ని 398 టీచర్లు అనే పిలుస్తుండ్రి, ఆ డబ్బుల్లోనే మీ నాయన డిగ్రీ ఫీజు కూడా కట్టినా. ఇది ఎత్తిపొడుపు కాదు, వాడు మర్చిపోయింటాడని రాస్తున్నా.

ఇంగ రూము. ఆదోనిలో రూము తీసుకుని రోజూ రైల్లో కోసిగికి వచ్చి ఆడనుంచి ఆటోలో పోతా అన్నావంట. వద్దు. ఆదోని పెద్ద ఊరు, అన్నీ దొరుకుతాయి, నీ వయసు పిల్లకి ఆడ ఉండాలనిపిస్తాది, కాదనను. కానీ పల్లెలో అమ్మానాయనలు పొద్దున్నే చేనికి పోయి దీపాలు పెట్టే వేళకి గానీ ఇల్లు చేరరు. బడి వదలంగానే రైలు కోసం పరిగెత్తే టీచర్‌కి పిల్లోల తల్లులు మొకం కూడా చూపియ్యలేరు. పల్లెలో మంచి ఇల్లు దొరకకపోతే కోసిగిలో అయినా ఉండు. బోరు నీళ్ళు తాగొద్దు, క్యాన్ వేయించుకో. స్కూటీ కొంటా అంటున్నావంట, కొను, చీకటి పడినంక మాత్రం తీయొద్దు, ఆ రోడ్ల మీద ట్రాక్టర్లకి వెనక లైట్ ఉండదు. నాకు ఈ ఒక్క భయం మాత్రం ఎన్ని ప్రార్థనలు చేసినా పోదు.

అసలు సంగతి ఇప్పుడు రాస్తా, బాగా చదువు.

అక్కడ సుగ్గి అని ఒకటుంటాది, పనికి వలస పోయేది. వానలు సరిగా పడని ఏడు, పంట చేతికి రాని ఏడు ఇంకా ఎక్కువ. చలికాలం వస్తే ఇండ్లకు తాళాలేసి, బియ్యం మూటలు, వంట సామాను, కోళ్ళు అన్నీ లారీలో వేసుకుని సగం ఊరు పోతాది, గుంటూరు పక్క మిరపకాయలు కోయను, తెలంగాణకి పత్తి తీయను. మల్ల ఉగాది దరిదాపుల్లో వస్తారు. వాళ్ళతో పాటే పిల్లోళ్ళు. చేతికొచ్చిన పిల్ల అయితే పనికి, చిన్నదైతే చంటోణ్ణి ఎత్తుకునేదానికి. జనవరిలో నీ బళ్ళో బెంచీలు ఖాళీ అయితే నీ పాఠం బాగలేక కాదు, కంగారు పడొద్దు.

మీ మామ సంగతి చెప్తా. నీకు తెలిసిన మామ వేరే, జేబులో బఠాణీలు పెట్టుకుని మీకు పంచినాయన, ఆదివారం పిల్లోలకి బైబిల్ కథలు చెప్పినాయన. హెడ్మాస్టర్‌గా చానా గట్టి మనిషి. అబద్ధం రాసేవాడు కాదు. ఆ చుట్టుపక్కల బళ్ళలో సుగ్గికి పోయినోళ్ళకి గూడా ఉత్తుత్తి హాజరు వేసేది మామూలే, ఈయన మాత్రం దేవుడు చూస్తాండాడు, నేను వేయను అంటాడు. మీ నాయనకి పెండ్లయిన ఏడు, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన రిజిస్టర్ చూసి, ఇంతమంది పేర్లున్నాయి, కూర్చున్నోళ్ళు సగం లేరు, ఇదేం లెక్క అని అరిచినాడు. చానా రోజులు రానోళ్ళ పేరు తీసేసేది అప్పట్లో పద్ధతే. ఆ సాయంత్రం ఈయన కూర్చుని సుగ్గికి పోయిన పిల్లోల పేర్లన్నీ ఎర్ర ఇంకుతో కొట్టేసినాడు. స్కేలు పెట్టి. ఒక్కో పేరు మీద ఒక్కో గీత, నీటుగా. పని అయినంక చేతులు కడుక్కుని వచ్చి, ఇప్పుడు లెక్క సరిపోయింది అన్నాడు.

ఉగాది అయినంక వచ్చినారు వాళ్ళు. మూడో తరగతి పిల్ల ఒకతి, లెక్కల్లో చురుకు, పొద్దున్నే బడి వాకిట్లోకి వచ్చి నిలబడింది, చంకలో తమ్ముడు, ఇంకో చేతిలో పలక. ఆ వేళ్ళు ఇప్పటికీ కండ్ల ముందర ఉన్నాయి నాకు, మిరపకాయలు కోసి కోసి కొసలన్నీ ఎర్రగా తోలు లేచిపోయినాయి, ముక్కు కారుతున్నా చేత్తో తుడుచుకోకుండా భుజానికి రుద్దుకుంటాంది, చెయ్యి తగిల్తే మండుతాదని. ఈయన హాజరు పిలుస్తున్నాడు. ఆ పిల్ల తన పేరు కోసం నోరు తెరిచి రెడీగా ఉంది. తన ముందరి పేరు వచ్చింది, తన తర్వాత పేరు వచ్చింది. అంతా అయిపోయేదాకా నిలబడి, గమ్మున వెనక్కి తిరిగి పోయింది. ఈయన తలెత్తి చూడను గూడా లేదు. చిన్న తరగతోళ్ళని పెట్టుకుని పక్కనే ఉన్న నేను చూసినా.

చెప్తే చాక్‌పీసు కింద పారేసి లేచినాడు. సాయంత్రం ఇద్దరం వాళ్ళింటికి పోతిమి. వాళ్ళమ్మ మర్యాదగానే మంచమేసింది, నీళ్ళిచ్చింది. పేరు లేదంట గదా సార్, ఇంగెందుకులే అనింది. కోపంగా అనలేదు, అది ఇంకా కష్టం. ఈయన మల్ల రాసుకుంటా అమ్మా, రేపు పంపియ్ అని ఎంత చెప్పినా ఆయమ్మ తల ఊపింది, అంతే. ఆ వానాకాలానికే పిల్లని పత్తిలో క్రాసింగ్ పనికి, అదే విత్తనం కోసం పూలకి పుప్పొడి రుద్దే పనికి, పంపినారు. అప్పుడు మీ మామ దాదాపు వారం సరిగా అన్నం తిన్లేదు. నిజం రాసినా గదా, తప్పెట్లయింది అని నన్నే అడుగుతాడు, నేనేం చెప్పాల.

ఆ తర్వాతనే ఆయన ఒక నోటుబుక్కు పెట్టినాడు. ఏ ఇంటోళ్ళు ఏ ఊరికి పోతారు, కూలోళ్ళని పనికి తీసుకపోయే మేస్త్రీ ఎవరు, అవ్వ ఇంటికాడ ఉంటాదా, పిల్లోణ్ణి ఉంచుతారా తీసుకపోతారా. నువ్వు గూడా అట్లనే పెట్టు. ఆయన కనుక్కున్నదేందంటే, లారీ వచ్చినాక అడ్డం పడితే ఏం లాభం లేదు. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చే రోజే అంతా తేలిపోతాది, ఇంట్లో ఎన్ని చేతులుంటే అంత డబ్బు, పిల్లది గూడా ఆ లెక్కలో పడిపోతాది. కాబట్టి దసరా దీపావళి మధ్యలోనే ఇంటింటికీ పోవాల. పోయి అమ్మతో కాదు, అవ్వతో మాట్లాడు. పిల్ల నా కాడ ఉంటాదిలే అని అవ్వ అంటే ఉంటాది. అవ్వకి ఉండే బాధ ఒకటే, తిండి ఎట్ల అని. అందుకే బళ్ళో అన్నం బాగుండాల. ఇప్పుడు గుడ్డు, చిక్కీ, రాగిజావ అన్నీ ఇస్తున్నారు గదా, ఆ వంటామెతో మంచిగా ఉండు, బిల్లులు లేటయితే ఆమె అప్పు చేసి వండుతాది, ఆమె మీద గట్టిగా అరవొద్దు. సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్ళు పెడతారు, వాటికి పేర్లు ముందే ఎమ్మీవో, అదే మండల విద్యాధికారి, చేతిలో పెట్టు, ఫోన్లో చెప్పినా అని ఊరుకోవాకు. 2009 విద్యాహక్కు చట్టం వచ్చినంక పిల్లోల్ని బడి నుంచి తీసేసేందుకు లేదు, అది నీకు బలం. మధ్యలో తిరిగొచ్చినోళ్ళని ఆ రోజే కూర్చోబెట్టుకో, హాజరు పిలిచేటప్పుడు పేరు గట్టిగా పిలువు.

మన ప్రార్థన సంగతి. ఆదివారం చర్చికి పో, ఎంత దూరమైనా పో, ఒంటరిగా ఉన్నప్పుడు అది కావాల. బళ్ళో మాత్రం మన దేవుడి మాట ఎత్తొద్దు. మీ మామ ఊర్లో పీర్ల పండగకి చావిడి కాడ కూర్చునేవాడు, శ్రావణంలో పిల్లోళ్ళు ఉరుకుంద ఈరన్న గుడి కాడికి పోతే సోమవారం పాఠం మల్ల మొదట్నుంచి చెప్పేవాడు, విసుక్కోకుండా. చర్చిలో కొందరు గొణిగినారు, హెడ్మాస్టరు పీర్ల కాడ కూర్చున్నాడు అని. ఆయన పోయినప్పుడు మట్టి వేసేదానికి ఆ పల్లె నుంచి వచ్చినోళ్ళని చూసి ఆ గొణిగినోళ్ళే పక్కకి జరిగి దోవ ఇచ్చినారు.

ఇంకొకటి, నీకు మీ జేజి కోపం వచ్చింది. చెయ్యెత్తొద్దు. చట్టం ఒప్పుకోదు అనేది ఒకటి, నువ్వు కొట్టిన పిల్లోడు పొద్దున టీ కూడా తాగకుండా వచ్చింటాడు అనేది ఇంకొకటి. ఎక్కువ కోపమొస్తే బయటికి పోయి చెట్టు కింద నిలబడు. ఫోన్లో మొకం చూపిచ్చి వేసే ఫేస్ అటెండెన్స్‌కి సిగ్నల్ రాకపోతే మాత్రం గోడలెక్కొద్దు, పడితే నేను మీ నాయనకి జవాబు చెప్పలేను.

జనవరిలో నేనొచ్చి ఉంటా నీ కాడ. వద్దనొద్దు, మోకాళ్ళు నొప్పులని మీ నాయన చెప్తే నమ్మొద్దు. ఆ నోటుబుక్కు పట్టుకుని ఇద్దరం సాయంత్రాలు తిరుగుదాం, నాకు ఆ పల్లెల్లో ఇంకా తెలిసినోళ్ళు ఉన్నారు. రూము చూసినంక ఫోటోలు పెట్టు, బాత్రూము లోపల గడియ ఉందో లేదో కూడా చూసి చెప్పు. గ్యాస్ కనెక్షన్ లేటయితే మన ఇంట్లో చిన్న స్టవ్వు ఉంది, మీ నాయనతో పంపిస్తా.

మీ అత్త