అమెరికా నిర్బంధ కేంద్రాల తనిఖీ: అదీ ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మా అమ్మాయి విశాఖలో ఐదేళ్ల లా కోర్సు నాలుగో సంవత్సరం చదువుతోంది. మా దూరపు బంధువుల అబ్బాయి 2019లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ కేసులో పట్టుబడి, కొన్నాళ్లు అమెరికాలో ఇమిగ్రేషన్ నిర్బంధంలో ఉన్నాడు. అప్పటి నుంచి మా అమ్మాయికి అదే ధ్యాస. అలాంటి కేంద్రాల్లో మనుషుల్ని ఎలా చూస్తున్నారో అక్కడి చట్టసభ తనిఖీ చేస్తుందట, ఆ పనిలోకి వెళ్తానంటోంది. అమెరికాలో ఎల్ఎల్ఎంకి, అంటే లాలో పీజీకి, అప్పు చేసి పంపమంటారా? - ఒక తల్లి, నెల్లూరు

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. మీ అమ్మాయిది గాలివాటం కోరిక కాదు. ఫార్మింగ్టన్ అనేది వీసా మోసాలను పట్టుకోవడానికి అమెరికా అధికారులే పెట్టిన నకిలీ విశ్వవిద్యాలయం. తొలి విడతలో అరెస్టయిన 130 మందిలో 129 మంది మన దేశం పిల్లలే, అందులో తెలుగువాళ్లు చాలామంది. ఆ రోజుల్లో ఎన్ని ఇళ్లలో నిద్ర లేదో నాకు తెలుసు. దాన్ని దగ్గరగా చూసిన అమ్మాయి ఈ పని ఎంచుకుందంటే నాకు గౌరవంగానే ఉంది.

ఇక ఆ పని ఎలా జరుగుతుందో చెబుతాను. మన సంక్షేమ హాస్టల్‌కి అధికారి వస్తున్నాడని ముందే తెలిస్తే ఆ పూట పిల్లల కంచాల్లోకి గుడ్డు వస్తుంది. చెప్పకుండా వస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. అక్కడా అంతే. వలస వ్యవహారాలు చూసే హోంలాండ్ సెక్యూరిటీ శాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్ అనే సొంత తనిఖీ విభాగం ఉంది. 2018 మేలో ఆ విభాగం బృందం కాలిఫోర్నియాలోని అడెలాంటో నిర్బంధ కేంద్రానికి ఆకస్మికంగా వెళ్లింది. చూసిన 20 గదుల్లో సుమారు 15 గదుల్లో దుప్పట్లు మెలిపెట్టి కట్టిన తాళ్లు వేలాడుతున్నాయి. సిబ్బందీ, ఖైదులో ఉన్నవాళ్లూ వాటిని ఉరితాళ్లనే పిలుస్తున్నారు. అదే ఏడాది వచ్చిన ఇంకో నివేదికలో, కాంట్రాక్టు సంస్థ చేసే తనిఖీలు పైపైనే సాగుతున్నాయని అదే కార్యాలయం రాసింది.

ఇక చట్టసభ చేసే తనిఖీకి వస్తే, కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, 2019 డిసెంబరులో ఆమోదించిన బడ్జెట్ చట్టంలో ఒక నిబంధన పెట్టింది. హోంలాండ్ సెక్యూరిటీ శాఖ వలసదారుల్ని ఉంచే ఏ కేంద్రానికైనా సభ్యులు ముందు చెప్పకుండానే తనిఖీకి వెళ్లవచ్చు. వాళ్ల సిబ్బంది విషయంలో మాత్రం 24 గంటల ముందు నోటీసు అడగొచ్చు. 2025లో ప్రభుత్వం సభ్యులు కూడా వారం ముందు చెప్పాలంది. 12 మంది సభ్యులు కోర్టుకెక్కారు. డిసెంబరులో వాషింగ్టన్‌లోని ఫెడరల్ జిల్లా కోర్టు ఆ షరతును నిలిపివేసింది, కానీ గొడవ అంతటితో తీరలేదు. సభ్యుడు గేటు దగ్గర నిలబడితే ఫొటోలో పడతాడు. లోపల ఏం అడగాలో, ఏ రిజిస్టర్ చూడాలో, గదికి ఎందరున్నారో, డాక్టరు ఎన్నాళ్లకొకసారి వస్తున్నాడో రాసి చేతికిచ్చేది అతని సిబ్బంది, కమిటీ న్యాయవాదులు. మీ అమ్మాయి మనసులో ఉన్న ఉద్యోగం అదే.

ఇక్కడ మీకు కష్టంగా ఉన్నా ఒక నిజం చెప్పాలి. స్టూడెంట్ వీసా మీద వెళ్లిన అమ్మాయికి ఆ ఉద్యోగం ఇవ్వరు. కాంగ్రెస్ సిబ్బందిగా జీతం తీసుకోవాలంటే పౌరసత్వమో, దానికి దారిలో ఉన్న గ్రీన్‌కార్డో ఉండాలి. పైగా ఈ రంగం ప్రభుత్వం మారితే ఊగిపోతుంది. నిర్బంధితుల ఫిర్యాదులు వినడానికి కాంగ్రెసే పెట్టించిన అంబుడ్స్‌మన్ కార్యాలయంలో దాదాపు అందర్నీ తీసేస్తున్నట్టు 2025 మార్చిలో ప్రకటించారు. ఎల్ఎల్ఎం తర్వాత మామూలుగా ఒక ఏడాదే ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పనిచేసుకునే అనుమతి. అమెరికా బయట ఉన్నవాళ్ల కోసం వేసే కొత్త హెచ్-1బీ ఉద్యోగ వీసా దరఖాస్తుకు 2025లో లక్ష డాలర్ల ఫీజు వచ్చింది. చిన్న స్వచ్ఛంద సంస్థకి అంత కట్టే తాహతు ఉండదు. కాబట్టి కేవలం దీని కోసం ఇల్లు తాకట్టు పెట్టి ఇప్పుడే పంపొద్దు. స్కాలర్‌షిప్ వస్తే అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.

మరి దారే లేదా అంటే, ఉంది. సభ్యుల చేతికి సమాచారం అందించేవాళ్లలో చాలామంది చట్టసభ బయట ఉంటారు. ఇమిగ్రేషన్ కోర్టులో మామూలుగా సర్కారు ఖర్చుతో లాయర్ని ఇవ్వరు. అందుకే స్వచ్ఛంద సంస్థల లాయర్లు, విశ్వవిద్యాలయాల లా క్లినిక్‌లు ఆ కేంద్రాలకు వెళ్లి ఒక్కొక్కరి కథ రాసుకుంటారు. ఆ వాంగ్మూలాలే తర్వాత కమిటీ ముందుకు వెళ్తాయి. లా డిగ్రీ లేకపోయినా, గుర్తింపు పొందిన సంస్థలో పనిచేస్తూ ప్రభుత్వ అనుమతితో వలసదారుల తరఫున నిలబడే ఏర్పాటూ ఉంది. తెలుగు బాగా వచ్చిన న్యాయవాది అక్కడ దొరకడం కష్టం. భయంతో ఉన్న పిల్లవాడు తన బాధ ఇంగ్లీషులో సగమే చెప్పగలడు. మీ అమ్మాయి తెలుగును తక్కువగా చూడొద్దని నా మాటగా చెప్పండి.

ఈ రెండేళ్లలో ఏం చేయాలంటే... డిగ్రీ అవగానే, చట్టసభల పనిమీద పరిశోధన చేసే పీఆర్ఎస్ సంస్థ నడిపే ల్యాంప్ ఫెలోషిప్‌కి దరఖాస్తు చేయించండి. మన ఎంపీ ఒకరి దగ్గర దాదాపు ఏడాది పాటు ప్రశ్నలు తయారు చేయడం, కమిటీ పత్రాలు చదవడం నేర్పుతారు, స్టైపెండ్ ఇస్తారు. వయసు 25 దాటకూడదు, అందుకే ఆలస్యం చేయొద్దు. ఈలోగా సెలవుల్లో జైళ్లు, ఖైదీల హక్కుల కేసులు చూసే లాయర్ దగ్గర ఇంటర్న్‌గా చేరమనండి. విశాఖలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, అడిగితే పని దొరుకుతుంది. జైల్లో మనిషితో ఎలా మాట్లాడాలో క్లాసులో రాదు.

ఇంకొకటి, ఇది మీ ఇంట్లోనే చేయొచ్చు. అడెలాంటో నివేదిక నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, పెద్దది కూడా కాదు. దాన్ని చదివి, రెండు పేజీల్లో తెలుగులో మీ కోసం రాయమనండి. ఏ నియమం ఉంది, అక్కడ ఏం కనిపించింది, ఎవర్ని ఏం అడగాలి అన్నవి అందులో ఉండాలి. మీకు అర్థమయ్యేలా రాసిందంటే, ఆ రెండు పేజీలనే ఫెలోషిప్ దరఖాస్తుకు ముందు నాకూ పంపండి. నేను చదివి చెబుతాను.