కాంటూరు గీతల నుంచి కొండను లేపేటప్పుడు

చి. హారికకి,

పెదనాన్న ఆశీస్సులు. మ్యాపు మీది కాంటూరు గీతల నుంచి, అంటే ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతల నుంచి, కంప్యూటర్‌లో కొండల్ని లేపి నువ్వు వాట్సాప్‌లో పంపిన బొమ్మ చూశాను. అరకు లోయ అన్నావు గానీ, నాకైతే గుడి మెట్లే కనిపించాయి. కొండల తలలు కత్తితో కోసేసినట్టు బల్లపరుపుగా ఉన్నాయి. టెన్షన్ పడకు, సాఫ్ట్‌వేర్ ఏమీ పాడవలేదు. నువ్విచ్చిన గీతల్ని అది ఉన్నదున్నట్టు నమ్మింది, అంతే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ పని అట్టలతో చేసేవాళ్ళం. 1:50,000 టోపోషీటు (సర్వేవాళ్ళ ఎత్తుపల్లాల మ్యాపు) మీద మన వైపు 20 మీటర్లకో సన్నగీత, 100 మీటర్లకో లావుగీత ఉంటాయి కదా. 100 మీటర్లంటే ఆ స్కేల్లో సరిగ్గా 2 మిల్లీమీటర్లు. అందుకని 2 మి.మీ. అట్ట తెచ్చి, ఒక్కో లావుగీత వెంబడి కోసి, ఒకదాని మీద ఒకటి అంటించేవాళ్ళం. అచ్చం నీ బొమ్మలాగే మెట్లు మెట్లుగా వచ్చేది. ఆ మెట్ల సందుల్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నింపి చాకుతో దిద్దేటప్పుడే మనిషి చేతివాటం బయటపడేది. వాగు ఎటు పోతుందో తెలియనివాడు దిద్దితే లోయ కాస్తా పూడిపోయేది. ఇప్పుడు ఆ ప్లాస్టర్ పని కంప్యూటర్ చేస్తోంది. దానికి వాగు సంగతి నువ్వే చెప్పాలి.

ముందు షీటు సరిగ్గా కూర్చుందా చూసుకో. భూమి ఆకారానికి పాత షీట్లు ఎవరెస్ట్ అనే లెక్క వాడతాయి, జీపీఎస్‌ది డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే లెక్క. రెండూ ఒకటే అనుకుంటే అరకు దగ్గర సుమారు 200 మీటర్లు పక్కకి జరుగుతుంది. కొత్త ఓపెన్ సిరీస్ షీట్లకి ఈ గొడవ లేదు.

ఇంకోటి. అరకు 65 జె/15 షీటులో ఉంటే, బొర్రా పక్క షీటు 65 ఎన్/3లో ఉంది. 83 డిగ్రీల రేఖాంశం దగ్గర ఆ రెంటినీ అతకాలి. ఇలాంటి అతుకు దగ్గరే నేనొకసారి పరువు పోగొట్టుకున్నాను. ఒక పక్క మీటర్ల షీటు, రెండో పక్క అంగుళానికి మైలు చొప్పున గీసిన పాత షీటు. దాని ఎత్తులు అడుగుల్లో ఉంటాయని చూసుకోకుండా 2,500 అని కొట్టేశాను. అసలు ఎత్తు 762 మీటర్లు. తెర మీద హిమాలయాలు లేచాయి. ఆఫీసులో కొన్నాళ్ళు నన్ను టెన్సింగ్ అని పిలిచారు.

ఇక కొండ తలల సంగతి. కంప్యూటర్ గీతల మీది చుక్కల్ని కలిపి త్రిభుజాలు అల్లుతుంది. కొండ పైన ఆఖరి గీత గుండ్రంగా మూసుకుంటుంది చూడు, దాని లోపల ఇంకే చుక్కా లేదు. త్రిభుజం మూడు మూలలూ అదే గీత మీద పడతాయి, మూడిటిదీ ఒకే ఎత్తు, ఇంక అది బల్లపరుపు కాక ఏమవుతుంది? వాగు దగ్గర గీత మడత తిరిగే చోటా ఇదే తంతు. మందు ఆ షీటులోనే ఉంది. శిఖరాల పక్కన చిన్న అంకెలు ఉంటాయే, ఆ స్పాట్ హైట్లన్నీ ఓపిగ్గా ఎక్కించు. అంకె లేని గుట్టకి ఆఖరి గీత కంటే ఓ ఎనిమిది, పది మీటర్లు ఎక్కువ వేసి, అది నీ అంచనా అని పక్కన రాసిపెట్టుకో. 20 మాత్రం దాటనివ్వకు, దాటేదే అయితే సర్వేవాళ్ళు అక్కడ ఇంకో గీత గీసేవాళ్ళు.

తర్వాత నీలి గీతలు. వాగుల్ని పైనుంచి కిందికి, నీళ్ళు పారే వైపే గీయి. 1989లో ఆస్ట్రేలియాకి చెందిన హచిన్సన్ అనే ఆయన ప్రచురించిన పద్ధతి ఉంది, అది వాగుల్ని చూసుకుంటూ నేలని మలుస్తుంది. ఆర్క్‌జీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో 'టోపో టు రాస్టర్' అనే పనిముట్టు అదే. డబ్బులు పెట్టలేకపోతే ఉచితంగా దొరికే క్యూజీఐఎస్‌లోంచి గ్రాస్ అనే సాఫ్ట్‌వేర్ వాడు, కాకపోతే చేతిపని కాస్త ఎక్కువ.

ఒక్క బొర్రా దగ్గర మాత్రం జాగ్రత్త. అక్కడ గోస్తని కొండ కిందనుంచి పోతుంది. కంప్యూటర్ నేలలో ఒక చుక్కకి ఒకటే ఎత్తు, గుహ అనే మాట దానికి తెలియదు. నువ్వు ఏటిని తెగకుండా గీస్తే, నీళ్ళకి దారివ్వడానికి అది కొండనే కాలవలా తవ్వేస్తుంది. ఆ ముక్క వరకు గీత తెంపెయ్యి.

కంప్యూటర్ నేలని చిన్న గళ్ళుగా కోసి ఒక్కో గడికి ఒక ఎత్తు ఇస్తుంది; ఆ గడి 20, 30 మీటర్లు చాలు. 1 మీటరు పెడితే ఫైలు లావెక్కుతుంది గానీ కొత్త సమాచారం ఏమీ రాదు.

ఎత్తు కాస్త పెంచి చూపించడం తప్పేం కాదు. షీటు మొత్తం 55 సెంటీమీటర్ల పొడవు, వెయ్యి మీటర్ల కొండ దాని మీద 2 సెంటీమీటర్లే. ఉన్నదున్నట్టు పెడితే చపాతీలా ఉంటుంది. ఒకటిన్నర రెట్లు పెట్టు, ఎంత పెట్టావో కింద రాయి. వెలుగు వాయవ్యం నుంచి రానీ. మన దగ్గర మిట్టమధ్యాహ్నం సూర్యుడు అటు ఉండడు, నిజమే, కానీ ఆగ్నేయం నుంచి వేస్తే చాలామంది కళ్ళకి లోయలు గట్లలా, గట్లు లోయల్లా తిరగబడతాయి.

అంతా అయ్యాక ఆ నేల నుంచే మళ్ళీ 20 మీటర్ల గీతలు తీయించి, పాత షీటు మీద పరుచు. ఎక్కడ తప్పుకున్నాయో అక్కడ వెతుకు. 2000లో అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన ఎత్తుల లెక్క ఎస్‌ఆర్‌టీఎంతోనూ పోల్చు. అడవిలో అది కాస్త ఎక్కువ చూపిస్తే కంగారు పడకు, దానికి తగిలేది చాలావరకు చెట్ల గుబురే.

మా పాత అట్ట అరకు ఇంకా అటక మీదే ఉంది, ఒక మూల ఎలకలు కొట్టేశాయి. దసరాకి వచ్చేటప్పుడు లాప్‌టాప్ తీసుకురా, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

మీ పెదనాన్న