20 డిగ్రీల వద్ద పాలిపోయిన వరి నారు, మీ అమ్మాయి చదువు

అమ్మా, బెంగళూరులో బీఎస్సీ అగ్రికల్చర్ చివరి సంవత్సరం చదువుతున్న మీ అమ్మాయి ఒకే ఉత్పరివర్తన (జన్యువులో మార్పు వచ్చిన) వరి గింజలను రెండు ట్రేలలో మొలకెత్తించగా, 20 డిగ్రీల వద్ద నారు తెల్లగా పాలిపోయి, 30 డిగ్రీల వద్ద పచ్చగా వచ్చిందని, ప్రాజెక్టు చెడిపోయిందని బాధపడి సాఫ్ట్‌వేర్ వైపు వెళ్తానంటోందని రాశారు. తొందరపడవద్దని చెప్పండి. ఆమె చేతిలో ఉన్నది చెడిపోయిన ప్రయోగం కాదు, మంచి పరిశోధనాంశం.

వరిలో వీ1, వీ2 అనే ఉత్పరివర్తనాలు ఇలాగే ప్రవర్తిస్తాయి. జన్యులోపం రెండు ట్రేలలోనూ ఒకటే అయినా, వెచ్చదనంలో అది దాదాపు కనిపించదు. చలిలో మాత్రం, ఆకు ఇంకా లోపల ముడుచుకొని ఎదుగుతున్న దశలోనే ఆకుకు పచ్చదనాన్నిచ్చే హరితరేణువుల నిర్మాణం కుంటుపడుతుంది. అందుకే పాలిపోయిన ట్రేను వెచ్చని చోటికి మార్చి, పాత ఆకును, ఆ తర్వాత విచ్చుకునే కొత్త ఆకును పక్కపక్కన పెట్టి చూడమనండి. మామూలు వరిని కూడా రెండు ఉష్ణోగ్రతల వద్దా తప్పక పెంచాలి. లేకపోతే ఆ పాలిపోవడం చలి వల్లనా, జన్యువు వల్లనా అన్నది తేలదు.

జన్యులోపం ఉష్ణోగ్రతను బట్టి బయటపడే ఇలాంటి గుణం మీదే ఒక విత్తన పరిశ్రమ నిలబడి ఉంది. టీఎంఎస్5 జన్యువులో లోపమున్న వరి, రకాన్ని బట్టి కొద్దిగా అటూ ఇటూ అయినా, సుమారు 24 డిగ్రీలు దాటితే పుప్పొడి పనికిరాక సంకర (హైబ్రిడ్) విత్తనానికి తల్లి మొక్కగా ఉపయోగపడుతుంది. చల్లని చోట మళ్లీ తన గింజలు తానే కడుతుంది. విత్తనోత్పత్తి వేళ అనుకోకుండా చలిగాలులు వస్తే పుప్పొడి తిరిగి పనిచేసి విత్తనం కల్తీ అవుతుంది కాబట్టి, ఉష్ణోగ్రతను అర్థం చేసుకున్న ప్రజననకారుల (కొత్త వంగడాలు రూపొందించేవారి) అవసరం ఎప్పుడూ ఉంటుంది.

ఆమెకు నా సలహా జెనెటిక్స్ అండ్ ప్లాంట్ బ్రీడింగ్‌లో ఎమ్మెస్సీ. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయపు జీకేవీకే ప్రాంగణంలోనే ఆ కోర్సు ఉంది. ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పీజీ ప్రవేశ పరీక్షకు ఇప్పటినుంచే సిద్ధం కావాలి. తరువాత పీహెచ్‌డీకి, ఉద్యోగానికి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ, జొన్న, సజ్జల మీదైతే పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉన్నాయి. కోడింగ్ మీద ఇష్టం కూడా వృథా కాదు: ఏ రకం ఏ వాతావరణంలో ఎలా మారుతుందో లెక్కగట్టడానికి గణాంకశాస్త్రం, ఆ లెక్కలకు వాడే ‘ఆర్’ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రామింగ్ రెండూ కావాలి.

ఈ వారమే ఆమెను ప్రతి ట్రే ఉష్ణోగ్రతనూ పగలు ఒకసారి, రాత్రి ఒకసారి తేదీతో సహా నోటుపుస్తకంలో రాయమనండి. ముందుముందు ఇంటర్వ్యూ ఏదైనా ఉంటే ఆ పుస్తకాన్నే వెంట తీసుకువెళ్లవచ్చు.