పరాయి దేశపు తీర్పు చదివేటప్పుడు

అమ్మలూ,

ఇంగ్లాండు, ఆస్ట్రేలియా తీర్పులు ముందేసుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్ పడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నలభై ఏళ్లు జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేసిన మామయ్యను కదా, నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు కథ చదువు. సూత్రం తర్వాత. రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ సూత్రం కాలేజీలో అప్పజెప్పే ఉంటావు. అసలేం జరిగింది? 1860లో లాంకషైర్‌లో ఒక మిల్లు యజమాని నీళ్ల కోసం చెరువు కట్టించాడు. దాని అడుగున పాత గని బావులున్నాయి. కాంట్రాక్టరు మనుషులు వాటిని చూసి కూడా సరిగ్గా మూయలేదు. చెరువులో నీళ్లు చేరాక అవి ఆ దారినే దిగి పక్కవాడి బొగ్గు గనిని ముంచేశాయి. యజమాని అజాగ్రత్త ఏమీ లేదు. మరి నష్టం ఎవరు భరించాలి? అజాగ్రత్త లేకపోయినా యజమానే అన్నది ఆ సూత్రం.

ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని 1866లో జస్టిస్ బ్లాక్‌బర్న్ తీర్పునీ, 1868లో అప్పటి అక్కడి అత్యున్నత కోర్టు హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో లార్డ్ కెయిర్న్స్ తీర్పునీ పక్కపక్కన పెట్టుకో. బ్లాక్‌బర్న్ 'ఆ నేలలో సహజంగా లేని వస్తువు' అన్నాడు. కెయిర్న్స్ దగ్గరికొచ్చేసరికి అది 'భూమిని అసహజంగా వాడటం' అయింది. ఈ కాస్త తేడా మీద నూరేళ్లకు పైగా కేసులు నడిచాయి.

తర్వాత ఆ తీర్పు ఏ దేశంలో ఏమైందో చూడు. ఆస్ట్రేలియా హైకోర్టు (అక్కడ అదే అత్యున్నత కోర్టు) 1994లో బర్నీ పోర్ట్ అథారిటీ కేసులో దాన్ని మామూలు నెగ్లిజెన్స్‌లో, అంటే అజాగ్రత్త రుజువు చేయాల్సిన కేసుల్లో, కలిపేసింది. బ్రిటన్ 2003లో ట్రాన్స్‌కో కేసులో దాన్ని ఉంచింది కానీ బాగా కుదించింది. మనవాళ్లు అసలు ఆ దారే వదిలేశారు. భోపాల్ జరిగిన ఏడాదికి ఢిల్లీలో ఓలియం గ్యాస్ లీకైంది. 1986 డిసెంబర్‌లో సుప్రీంకోర్టులో జస్టిస్ భగవతి బెంచి, ప్రమాదకర పరిశ్రమ నడిపేవాడికి ఏ మినహాయింపూ లేదని చెప్పింది. అదే అబ్సొల్యూట్ లయబిలిటీ. విదేశీ తీర్పు మన కోర్టును ఒప్పించడానికి పనికొస్తుంది, కట్టడి చేయడానికి కాదు. అది ఎప్పుడూ గుర్తుంచుకో.

హెడ్‌నోట్‌ను, అంటే తీర్పు పైన వేసే సారాంశాన్ని, మాత్రం నమ్మకు తల్లీ. నా మూడో ఏడో నాలుగో ఏడో, ఒక రైతు కేసులో హెడ్‌నోట్ చూసి, తీర్పులోంచి ఒక వాక్యం ఎత్తి చదివాను. జడ్జిగారు పేరా చూపించమన్నారు. తీరా చూస్తే అది కోర్టు మాట కాదు, ఓడిపోయిన పక్షం లాయరు వాదన. వెనక బెంచీ మీద తలగుడ్డ చేతిలో పట్టుకుని కూర్చున్న ఆ రైతు ముఖం నాకు ఈ రోజుకీ కనిపిస్తుంది. అప్పట్నుంచి లాయరు వాదన ఉన్న ప్రతి పేరా పక్కన పెన్సిల్‌తో గీత గీస్తాను. నువ్వూ గీయి.

వ్యాఖ్యానాలు తీర్పు పూర్తయ్యాకే చదువు. 2020 మే 7న విశాఖ వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకైన మర్నాడే, పర్యావరణ కేసులు చూసే జాతీయ గ్రీన్ ట్రిబ్యునల్ ఉత్తర్వు ఇచ్చింది. అందులో 'స్ట్రిక్ట్ లయబిలిటీ' అని ఉంది, అంటే మినహాయింపులున్న ఆ పాత రైలాండ్స్ సూత్రం. మన దేశంలో అబ్సొల్యూట్ లయబిలిటీ ఉండగా ఇదేమిటని న్యాయవాదులు వెంటనే రాశారు. ఆ రాతలకు విలువెందుకంటే, ఉత్తర్వులోని ఒక్క మాట పట్టుకుని ప్రశ్నించాయి. వ్యాఖ్యానమంటే అలా ఉండాలి. పొగడ్తో తిట్టో మాత్రమే ఉన్నది పక్కన పడేయి.

ఓలియం తీర్పులో ఆ సూత్రం కేవలం ప్రస్తావనే, తీర్పు కాదని వాదించినవాళ్లున్నారు. 1996లో రాజస్థాన్‌లోని బిచ్చడి గ్రామం కేసులో సుప్రీంకోర్టులో మన జస్టిస్ జీవన్‌రెడ్డిగారు అది చట్టమేనని తేల్చారు. ఈ రెండూ ప్రింటు తీసుకుని ఆదివారం ఇంటికి రా. ఆ వాదన ఓలియం తీర్పులో ఏ పేరాలోంచి పుట్టిందో నువ్వే వెతికి చూపించాలి.

మామయ్య