డాక్టర్ సలహా: సెంటర్ నుంచి వచ్చిన తమ్ముడికి నిద్రమాత్రలు ఇస్తున్నారా?

ప్రశ్న: మా తమ్ముడికి 24 ఏళ్లు. రొయ్యల చెరువుల దగ్గర పనిలో ఉండగా స్నేహితులతో కలిసి టపెంటడాల్ అనే నొప్పి మాత్రలను ఇంజెక్షన్‌గా ఎక్కించుకోవడం అలవాటైంది. డీ-అడిక్షన్ సెంటర్‌లో రెండు నెలలు ఉంచి, మూడు వారాల కిందట ఇంటికి తెచ్చాం. రాత్రిళ్లు నిద్రపట్టక గొడవ చేస్తుంటే మెడికల్ షాపులో అడిగి ఆల్ప్రజోలామ్ వేస్తున్నాం. పోర్చుగల్‌లో డ్రగ్స్‌ను చట్టబద్ధం చేశాక చాలామంది బాగుపడ్డారని టీవీ చర్చలో విన్నాను. మన దగ్గరా అలా చేయొచ్చా? ప్రభుత్వమే మత్తు మాత్ర ఇస్తుందట, అది ఒకటి మాన్పించి ఇంకోటి అంటగట్టడం కాదా?
- ఒక సోదరి, అమలాపురం దగ్గరి గ్రామం

జవాబు: అమ్మా, పోర్చుగల్ సంగతి తర్వాత చెబుతాను. మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన ఆల్ప్రజోలామ్ దగ్గరే నాకు భయం వేసింది.

కొన్ని వారాలు మత్తు ముట్టకపోతే, పాత డోసును తట్టుకునే శక్తి శరీరానికి పోతుంది. మనిషికి మాత్రం పాత లెక్కే గుర్తుంటుంది. ఒక్కరోజు మనసు జారి అంతే తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. సెంటర్ నుంచి గానీ జైలు నుంచి గానీ వచ్చిన తొలి వారాలంటే మేం భయపడేది అందుకే. ఒంట్లో నిద్రమాత్రో మద్యమో ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ. షాపతను మంచివాడే కావచ్చు, కానీ మీ తమ్ముడి చరిత్ర అతనికి తెలుసా? చీటీ లేకుండా ఆ మాత్ర ఇవ్వకూడదు, మీరూ అడగకూడదు. అలాగని ఈ రాత్రే ఆపేయకండి. మూడు వారాలు రోజూ వాడినది ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. ఎలా తగ్గించాలో చూసిన డాక్టరే చెప్పాలి. అందాకా స్ట్రిప్పులు మీ దగ్గరే, తాళం వేసి ఉంచండి.

లేపినా లేవకపోవడం, ఎప్పుడూ లేని గురక, పెదవులు నీలంగా మారడం, కంటిపాపలు గుండుసూది మొనంత కావడం కనిపిస్తే హాయిగా నిద్రపోతున్నాడనుకోకండి. వెంటనే 108కి ఫోన్ చేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మజ్జిగ, నిమ్మరసం పట్టించొద్దు. ఎదుర్లంక వంతెన దాటి కాకినాడ చేరేదాకా ఆగలేం, దగ్గర్లోని ఆసుపత్రికే ముందు తీసుకెళ్లాలి. ఏం తీసుకున్నాడో దాచకుండా చెబితే, అవసరాన్ని బట్టి నాలోక్సోన్ అనే విరుగుడు ఇస్తారు.

ఇక ప్రభుత్వం ఇచ్చే మాత్ర బుప్రెనార్ఫిన్. నాలుక కింద పెట్టుకునేది. మత్తు మానేసినప్పుడు వచ్చే బాధను (విత్‌డ్రాయల్), తపనను తగ్గిస్తుంది, ఇంజెక్షన్ జోలికి పోకుండా నిలబెడుతుంది. దాన్ని మత్తు అంటగట్టడం అనొద్దు, షుగర్‌కు రోజూ మందు వేసుకోమా? అయితే ఆల్ప్రజోలామ్‌తో కలిస్తే ఇదీ ప్రమాదమే. మీ తమ్ముడికి సరిపోతుందో లేదో చూడకుండా నేను చెప్పలేను. సూదులు పంచుకుని ఉంటే హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు తప్పనిసరి.

పోర్చుగల్ 2001లో చేసింది అమ్మకాలకు అనుమతి ఇవ్వడం కాదు. సొంత వాడకానికి పది రోజులకు సరిపడేంత దొరికితే కోర్టుకు బదులు ఒక కమిషన్ ముందుకు పంపుతారు, చికిత్సకు దారి చూపుతారు. అమ్మితే అక్కడా నేరమే. అమెరికాలోని ఒరెగాన్ 2021లో శిక్షలు తీసేసి, 2024లో మళ్లీ తెచ్చింది. బజారులో అమ్మనిద్దామంటే నేను ఒప్పుకోను. కానీ జైల్లో పెడితే వ్యసనం నయమైన మనిషిని నా ప్రాక్టీసులో చూడలేదు. మన 1985 మత్తుపదార్థాల చట్టం (ఎన్డీపీఎస్)లోనూ 64ఏ సెక్షన్ ఉంది. తనంతట తాను గుర్తింపు ఉన్న చోట చికిత్సకు వచ్చిన వ్యసనపరుడికి కొన్ని షరతులతో కేసు నుంచి రక్షణ ఇస్తుంది. మీ కేసుకు వర్తిస్తుందో లాయర్‌ను అడగండి.

పోలీసులు వస్తారని, ఊళ్లో సంబంధాలు చెడతాయని చూసీ చూసీ ఆలస్యంగా తెచ్చే కుటుంబాలే నా దగ్గరికి ఎక్కువ. మీరు మూడు వారాలు పోగొట్టారు. రేపే కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్) మానసిక వైద్య విభాగం ఓపీకి తీసుకెళ్లండి. దారి తెలియకపోతే 14446కు ఫోన్ చేయండి, ఉచితం. సెంటర్ వాళ్లిచ్చిన కాగితాలు, ఖాళీవైనా సరే మాత్రల స్ట్రిప్పులు వెంట పట్టుకెళ్లండి.