డాక్టర్ సలహా: బైనాక్యులర్‌లోంచి సూర్యుణ్ణి చూశాడు, నొప్పి లేదంటున్నాడు, వదిలేయొచ్చా?

ప్రశ్న: నేను హైస్కూల్లో సైన్స్ టీచర్‌ని. 2032లో బుధుడు సూర్యుడి మీదుగా వెళ్తాడు కదా, దానికి ప్రాక్టీస్‌గా బైనాక్యులర్‌తో తెల్ల అట్ట మీద సూర్యుడి బొమ్మ పడేలా చేసి పిల్లలకి సూర్యుడి మీది మచ్చలు చూపిస్తున్నా. మొన్న ఒకబ్బాయి చటుక్కున అందులోకి తొంగి చూసి వెంటనే తల తీసేశాడు. నొప్పేమీ లేదంటున్నాడు. పర్లేదా?

జవాబు: వదిలేయకండి మాస్టారూ. నొప్పి లేదన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, రెటీనాకి, అంటే కంటి లోపల వెనకవైపు ఉండే తెరకి, నొప్పే తెలీదు, కాలినా తెలీదు, చూపులో తేడా చాలామందికి కొన్ని గంటలకో మర్నాటికో బయటపడుతుంది. లెక్కల గళ్ల పుస్తకంలో పేజీ మధ్యలో ఒక చుక్క పెట్టి, ఒక కన్ను మూసుకుని ఆ చుక్కనే చూడమనండి, తర్వాత రెండో కంటితో. గీతలు వంకరగా కనిపించినా, మధ్యలో మసకగానో నల్లగానో ఉన్నా ఇవాళే రెటీనా డాక్టర్‌కి చూపించండి. ఏ తేడా లేకపోయినా ఈ రెండు మూడు రోజుల్లో ఓసీటీ స్కాన్, అంటే రెటీనా పొరల్ని చూపించే స్కాన్, తీయించమనే అంటాను. దీనికి పనిచేస్తుందని రుజువైన మందు లేదు, చాలామందికి కొన్ని నెలల్లో చూపు చాలావరకు తిరిగొస్తుంది, కొందరికి మధ్యలో చిన్న మచ్చ ఉండిపోతుంది. మెడికల్ షాపులో చుక్కల మందు కొని వేయొద్దు.

మీ పద్ధతి మాత్రం మానేయకండి. 1631 నవంబర్ 7న పారిస్‌లో గసెండీ అనే ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త బుధుణ్ణి సూర్యుడి మీద చూసింది కూడా టెలిస్కోప్‌లోంచి తెల్ల తెర మీద పడ్డ బొమ్మలోనే. అట్టకి సూది బెజ్జం పెట్టి బొమ్మ పడేలా చేసే పిన్‌హోల్ పద్ధతి గ్రహణానికి బాగుంటుంది గానీ, బుధుడు సూర్యుడి వెడల్పులో దాదాపు 190వ వంతు, సూది బెజ్జంతో అస్సలు కనిపించడు, కాబట్టి లెన్స్ తప్పదు, లెన్స్ పెట్టామంటే ప్రమాదం అట్ట దగ్గర కాదు, కన్ను పెట్టే చోట. గ్రహణం కళ్లద్దాలు పెట్టుకుని బైనాక్యులర్‌లోకి చూడటం ఇంకా ఘోరం, ఆ ఫిల్మ్ క్షణాల్లో కాలి చిల్లు పడొచ్చు. పళ్లెంలో పసుపు నీళ్లు పోసి చూసే అలవాటు ఇంకా చాలా ఊళ్లలో ఉంది, అదీ సేఫ్ కాదు, నీళ్లలో కనిపించేది బొమ్మ కాదు, అద్దంలోలాగా సూర్యుడే.

బైనాక్యులర్‌ని స్టాండ్‌కి బిగించి, సూర్యుడి వైపున్న రెండు గ్లాసుల్లో ఒకదానికి మూత పెట్టండి, ఐపీస్ (కన్ను పెట్టే గ్లాసు) నుంచి అట్ట దాకా చుట్టూ అట్టపెట్టె కట్టేసి, బొమ్మ చూడ్డానికి పక్కన కిటికీలా కోస్తే చాలు, తల దూరే సందు ఉండకూడదు. టెలిస్కోప్ అయితే పైనున్న చిన్న ఫైండర్‌కి (గురి చూసుకునే బుల్లి దుర్భిణికి) కూడా మూత, దాన్ని చాలామంది మర్చిపోతారు. పిల్లలు సూర్యుడికి వీపు పెట్టి నిలబడాలి. మీరు పక్కకి వెళ్లాల్సొస్తే ముందు దాన్ని సూర్యుడి వైపు నుంచి తిప్పేసి వెళ్లండి.

బుధుడు సూర్యుడి మీదుగా వెళ్లే రోజు 2032 నవంబర్ 13, శనివారం, మనకి మధ్యాహ్నం 12 దాటాక మొదలై సాయంత్రం నాలుగున్నర దాకా ఉంటుంది, అంత టైమ్ ఉంది కాబట్టి అందర్నీ ఒకేసారి గుమిగూడనివ్వకుండా ఇద్దరిద్దరినే పిలవండి.